జామచెట్టు కొట్టేయమంటున్నారు, మీరేమంటారు?

పెరటిజామ:
వరంగల్ శివారులో ఉంటాం. పెరట్లో 12 ఏళ్ల జామచెట్టు. వానాకాలంలో ఏ పండు కోసినా లోపల తెల్లటి పురుగులే. పచ్చికాయలేమో కోతుల పాలు. సగం కొరికి సగం పారేస్తాయి. "మీ చెట్టు కోసం వచ్చిన మంద మా వంటింట్లో దూరుతోంది, కొట్టించండి" అని పక్కింటివారు. కాసే చెట్టును కొడితే ఊరుకోనని మా అత్తగారు. ఎవరి మాట వినాలి?

ఎర్రనేల:
పక్కింటివారి మాట. పోయినేడు మా వీధిలో ఒక పిల్లవాడిని కోతి కరిచింది, టీకాల కోసం ఎన్నిసార్లు తిరిగారో. పండ్లు మీవి, గోళ్లు వీధివాళ్లకా? కొండముచ్చు బొమ్మతో ఫ్లెక్సీ కూడా కట్టి చూశాం. నాలుగు రోజులు బెదిరాయి. అయిదో రోజు దాని మీదే ఎక్కి కూర్చున్నాయి.

నిమ్మకొమ్మ:
పెరటిజామ గారూ, ఆగండి. మీరు రెండు తగాదాలు ఒకే చెట్టుకు కట్టారు. పురుగులకూ కోతులకూ సంబంధం లేదు. అది పండు ఈగ పని. పండుబారే కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది, పురుగు గుజ్జు తిని, రాలిన పండులోంచి మట్టిలోకి దిగి కోశస్థ దశకు (కదలకుండా ఉండే ప్యూపా) వెళ్తుంది, మళ్లీ ఈగై లేస్తుంది. అంటే రాలిన పండ్లను చెట్టు కిందే వదిలేసినవారు దాన్ని పెంచుతున్నట్టే. రోజూ ఏరి, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పెట్టండి. ఎరువు గుంటలో మాత్రం వేయకండి. మిథైల్ యూజినాల్ అనే వాసన మందు పెట్టిన ఎర బుట్టలు మగ ఈగలనే పట్టుకుంటాయి కాబట్టి వాటి ఒక్కదాని మీదే ఆధారపడలేం.

అసలు మందు కాలం మార్చడం. ఫిబ్రవరి నుంచి మే దాకా నీళ్లు తగ్గించి, వేసవి పూతను తుంచేస్తే జూన్, జులైల్లో కొత్త పూత వస్తుంది. కాయలు చలికాలానికి అందుతాయి, అప్పుడు ఈగ ఉధృతి తక్కువ, రుచి కూడా ఎక్కువ. వానాకాలపు జామ చప్పగా ఉంటుందని మీ అత్తగారిని అడిగినా చెబుతారు.

ఎర్రనేల:
చలికాలంలో కోతులు సెలవు తీసుకుంటాయా?

పచ్చగడప:
చెట్టు మీద వల కప్పండి, కోతులకూ గబ్బిలాలకూ ఒకటే వైద్యం. కేరళలో 2018లో గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ వచ్చిన దగ్గర నుంచి మా ఇంట్లో గబ్బిలం పేరు వింటేనే భయం.

గూటిపిట్ట:
భయపడాల్సింది కొరికిన పండు తినడానికి. ఎవరు కొరికినా సరే, ఆ పండు పారేయాలి, మిగతావి కడిగి తినాలి. అంతే. ఇప్పపూలకు పరాగం మోసేవీ గబ్బిలాలే. సన్నటి నైలాన్ దారపు వలలో చిక్కుకుని అవి తెల్లారేదాకా కొట్టుకుని చస్తాయి, పాములు కూడా. వల వేస్తే చిటికెన వేలు దూరనంత చిన్న కన్నులది, బిగించి కట్టండి. కోతికి ఏ వలైనా ఒకటే, చింపేస్తుంది. ఇంకెవరో కొండముచ్చును తెచ్చి కాపలా పెట్టమనే ముందే చెబుతున్నాను, అది చట్టప్రకారం నేరం.

నిమ్మకొమ్మ:
ఎర్రనేల గారి ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒప్పుకుంటాను. నిర్మల్‌లో 2020లో కోతుల పునరావాస కేంద్రం తెరిచారు, పట్టి సంతాన నియంత్రణ ఆపరేషన్ చేసి వదులుతారు. అది ఊరంతా కలిసి అడగాల్సిన పని, ఒక పెరటితో తేలదు. ఒక్క మాట మాత్రం: చెట్టు కొట్టినా వంటింటి కిటికీకి జాలీ లేకపోతే మంద వస్తూనే ఉంటుంది. గుడి దగ్గర అరటిపండ్లు పెట్టేవారు ఇంకో వీధిలో ఉన్నారు కదా.

ఎర్రనేల:
జాలీ ఖర్చు చెట్టుగలవారు పెట్టుకుంటారా మరి?

పెరటిజామ:
సగం పెట్టుకుంటానని రేపు వాళ్లనే అడుగుతాను. రాలిన పండ్లు ఈ సాయంత్రమే ఏరాను, అరబస్తా అయ్యాయి. వేసవి పూత తుంచేది నేనే, మా అత్తగారికి ఎలా చెప్పాలో మాత్రం ఎవరైనా చెప్పండి.