రోజూ 4 నిమిషాలు ముందే వచ్చిపోతున్న ఉపగ్రహం సిగ్నల్: ఒక్క మోటారుతో వెంబడించడం ఎలా?

హైదరాబాద్‌లో, ఉప్పల్ దగ్గర మా మేడ మీద 6 అడుగుల సి బ్యాండ్ (ఉపగ్రహ ప్రసారాలకు వాడే ఒక రేడియో తరంగాల శ్రేణి) డిష్ ఉంది. దక్షిణం నుంచి 30 డిగ్రీలు తూర్పుకి, 67 డిగ్రీల ఎత్తులో ఉన్న ఒక పాత ఉపగ్రహానికి గురిపెట్టాను. పోయిన సోమవారం పొద్దున 6:40 నుంచి 9:00 దాకా సిగ్నల్ బ్రహ్మాండంగా వచ్చింది, ఆ తర్వాత సున్నా. మళ్లీ సాయంత్రం 6:38కి వచ్చి 8:58కి పోయింది. ఈ సోమవారం పొద్దున 6:12కే మొదలైంది.

ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండే, సిగ్నల్‌ని అందుకునే పరికరం), కేబుల్, కనెక్టర్లు అన్నీ మార్చాను, ఏం లాభం లేదు. రోజుకు 4 నిమిషాల తేడా చూశాకే వెలిగింది: భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాలు కదా! అంటే ఇది ఇప్పుడు ఆకాశంలో ఒకేచోట కనిపించే భూస్థిర ఉపగ్రహం కాదు, జియోసింక్రనస్ మాత్రమే, అంటే భూమి ఒకసారి తిరిగే సమయంలోనే తానూ ఒక చుట్టు తిరుగుతుంది గానీ ఒకేచోట నిలవదు. ఇంధనం పొదుపు కోసం కక్ష్య వాలును (భూమధ్యరేఖ తలంతో కక్ష్య చేసే కోణాన్ని) సరిదిద్దడం ఆపేసి ఉంటారు. అందుకే భూమధ్యరేఖకు అటూ ఇటూ ఊగుతూ ఆకాశంలో సన్నటి 8 గీస్తోంది. నా లెక్కలో వాలు 5 డిగ్రీలు; అప్పుడు ఆ 8 వెడల్పు పావు డిగ్రీ లోపే, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

డిష్‌ని పైకీ కిందికీ కదిపే యాక్చుయేటర్ (మోటారుతో సాగి ముడుచుకునే కడ్డీ) బిగించాను. సిగ్నల్ ఉండే సమయం పెరిగింది గానీ, ఆ 8 రెండు కొసల్లో మాత్రం పోతోంది. అక్కడ చేత్తో కాస్త పక్కకి నెడితే వెంటనే దొరుకుతోంది. రెండో మోటారు పెట్టే చోటు లేదు.

ఈ ఒక్క యాక్చుయేటర్‌తోనే పూర్తిగా వెంబడించాలంటే, కీలు ఇరుసును అడ్డంగా కాకుండా ఎటు వైపు, ఎన్ని డిగ్రీలు వంచి బిగించాలి?