అప్‌డేట్: గదిలో 33 డిగ్రీలే ఉన్నా మాడిపోతున్నట్టు ఎందుకుందో తెలిసింది

పోయిన నెల అడిగాను కదా: చెన్నై వేళచ్చేరిలో మాది పై అంతస్తు. రాత్రి పదకొండుకి గది థర్మామీటర్ 33 చూపిస్తుంది, కింది వాటాలోనూ ఇంచుమించు అంతే. మరి మాకే ఎందుకింత సెగ అని.

"స్లాబు చూడండి" అన్నవాళ్లకి దండం. తెలిసిన ఏసీ మెకానిక్ దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ (తాకకుండా దూరం నుంచే వేడి కొలిచేది) అడిగి తెచ్చి సీలింగ్‌కి గురిపెడితే 39! మన చర్మం 33-35 మధ్య ఉంటుంది. అంటే ఒళ్లు వేడిని వదలాల్సింది పోయి పైనుంచి పుచ్చుకుంటోంది, గాలితో పనిలేకుండా, రేడియేషన్‌గా. గోడకున్న థర్మామీటర్ చెప్పేది గాలి సంగతి మాత్రమే. పగటి ఎండ కాంక్రీటు దాటి కిందికి దిగడానికి గంటలు పడుతుంది, అందుకే మా బాధ రాత్రిపూట.

ఫ్యాన్ గాలిని చల్లబరచదు, చెమటను ఆరబెడుతుంది. ఇక్కడి ఉక్కలో అదీ సరిగా ఆరదు.

ఎండని వెనక్కి కొడుతుందని ఆదివారం మేడ మీద రెండు పూతలు తెల్ల సున్నం వేయించాం. "దీనికి మిషన్ ఎందుకురా, నెల్లూరులో ఏటా వేసేదే కదా" అంది అమ్మ. (ముందే చెప్పొచ్చుగా!) నిన్న రాత్రి అదే టైముకి సీలింగ్ 35. గది గాలి 32, అంటే తగ్గింది ఒక్క డిగ్రీనే. అయినా తెల్లారేదాకా మెలకువ రాలేదు.

సున్నం వానలకి కొట్టుకుపోతుందట, చూడాలి. పడమటి గోడ ఇంకా సాయంత్రం చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. దానికి మీరెవరైనా ఏం చేశారో చెప్పండి.