వేరుశనగ కట్టె (కాయ తీశాక మిగిలే ఎండు మేత) కూడా రాలేదు, వరిగడ్డి కొనలేకున్నాం, వానల దాకా పశువుల్ని ఎట్లా సాకాలి?

మెట్టరైతు (కళ్యాణదుర్గం):
ఈసారి చేను ఊడలు దిగే టైంకి వాన మొహం చాటేసింది. మామూలుగా కాయ పోయినా కట్టెన్నా మిగిలేది, వామి వేసుకుని ఎండాకాలం గడిపేసేవాళ్లం, ఇప్పుడు అదీ లేదు. కర్నూలు కాలువల కింద నుంచి, సిరుగుప్ప వైపు నుంచి వరిగడ్డి వస్తోంది గానీ బాడుగతో కలిపి అడిగే రేటు వింటే గుండె గుభేలంటోంది. నా దగ్గర పాలిచ్చే జెర్సీలు రెండు, ఒక చూడి ఆవు, ఒక వట్టిపోయిన ఆవు, కాడెద్దులు, రెండు పెయ్యలు ఉన్నాయి. ఉన్న గడ్డి అన్నిటికీ తలా కాస్త వేస్తున్నా, దేనికీ చాలడం లేదు. పక్కాయన జొన్న మోకాలెత్తులో వాడిపోయింది, తోలుకోమంటున్నాడు. రేషన్ బియ్యం వండిపెట్టమని ఇంకొకరు చెప్పారు. ఎవరైనా అనుభవంతో చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

పశువైద్యురాలు:
అన్నా, మిగతాదంతా తర్వాత, ముందు ఆ జొన్న చేలోకి ఒక్క దాన్ని కూడా తోలొద్దు. నీళ్లు లేక ఎదుగుదల ఆగిన లేత జొన్నలో సైనైడ్ విషం ఎక్కువ, పెద్దవాళ్లు నాము అనేది దీన్నే. ఆకలి మీదున్న పశువు గబగబా మేస్తే గంట కూడా పట్టదు, ఎగశ్వాస, తూలడం, పడిపోవడం. అట్లా కనబడితే వెంటనే పశువుల అంబులెన్స్ నంబర్ 1962కి ఫోన్ చేయండి, సైనైడ్‌కు విరుగుడైన హైపో ఇంజెక్షన్ టైంకి పడితే బతుకుతుంది. కోసి బాగా ఎండబెడితే సైనైడ్ చాలావరకు తగ్గుతుంది. అయినా కరువు చొప్పను అదొక్కటే కడుపునిండా పెట్టకండి, అందులో చేరే నైట్రేట్లు కూడా విషమే, అవి ఎండినా పోవు.

అన్నం సంగతి కూడా అంతే. అలవాటు లేని పశువుకు ఒక్కసారిగా ఎక్కువ పెడితే కడుపులో పులిసి, నెమరు ఆగిపోయి, ప్రాణం మీదికి వస్తుంది. ఏ కొత్త మేతైనా వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి.

మదనపల్లి పాడి:
గడ్డి కొనక తప్పదు తమ్ముడూ, కాకపోతే కొన్న గడ్డిలో బలం పెంచుకోవచ్చు. యూరియా మాగబెట్టడమే నేను చెప్పేది. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. 45 కిలోల బస్తా ఒకటి దాదాపు 11 క్వింటాళ్లకు సరిపోతుంది. యూరియా గుళిక ఒక్కటి కూడా మిగలకుండా కరగాలి. గడ్డి పొరగా పరిచి, పూలమొక్కలకు పోసే డబ్బాతో సమంగా చల్లి, బాగా తొక్కి, దానిమీద ఇంకో పొర. చివర్లో టార్పాలిన్ కప్పి అంచులు మట్టితో మూసేయాలి, గాలి చొరబడకూడదు. 21 రోజులకు ఒక పక్క తెరిస్తే ఘాటు కళ్లల్లోకి కొడుతుంది, గడ్డి గోధుమ రంగులోకి మారి మెత్తబడి ఉంటుంది. ఆ పూటకు కావలసినంతే తీసి, గంటసేపు గాలికి ఆరబెట్టి, మొదట్లో మామూలు గడ్డిలో కలిపి వేయండి. మూడు శాతం దగ్గరుండే మాంసకృత్తులు ఏడు దాకా పెరుగుతాయి, పశువు తినేదీ పెరుగుతుంది. బూజు పట్టిన చోట పారేయండి. ఆరు నెలలలోపు దూడలకు వద్దు.

భయపడాల్సింది మాగిన గడ్డికి కాదు, డ్రమ్ములో మిగిలిన యూరియా నీళ్లకు. మా పక్క ఊళ్లో దప్పికతో ఉన్న ఎద్దు ఆ నీళ్లు తాగి అక్కడికక్కడే పోయింది. పని అయిపోగానే డ్రమ్ము కడిగి బోర్లించండి.

పాలమూరు అక్క:
అన్నిటికీ తలా కాస్త వేయడం ఆపు తమ్ముడూ, దానివల్లే అన్నీ చిక్కిపోతాయి. వేర్వేరుగా కట్టెయ్యి. దాణా పాలిచ్చేవాటికి, ఈనడానికి రెండు నెలల ముందు నుంచి చూడి ఆవుకు. వట్టి ఆవుకు, పనిలేని ఎద్దులకు మాగిన గడ్డి, చెట్ల ఆకు చాలు. మర్రి, రావి, అవిశ, తుమ్మకాయలు ఏవి దొరికితే అవి. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు దాటొద్దు, వెంట్రుకలు ఊడతాయి. మీ వైపు అరటి తోటలున్నాయి కదా, గెల కోసిన బోదెలు అడిగితే ఊరికే ఇస్తారు. అందులో తొంభై శాతం పైన నీళ్లే, కాబట్టి ముక్కలు కొట్టి ఎండుగడ్డిలో కలపాలి. నెలల తరబడి ఎండుగడ్డే తింటే విటమిన్ ఏ తగ్గి గుడ్డి దూడలు పుడతాయి, చూడి ఆవుకు రోజూ ఎంతో కొంత పచ్చిది పడాల్సిందే. ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం మానొద్దు. గడ్డి నరికి గాడిలో వేస్తే తొక్కిడికి పోయేది చాలా మిగులుతుంది.

అమ్మే మాటకొస్తే, వట్టి ఆవు మళ్లీ చూడి కట్టకపోతే ఒళ్లుండగానే ఇచ్చేయ్. ఎముకలు తేలాక సంతలో ఎవరూ అడగరు.

మెట్టరైతు:
జొన్న చేను వద్దని చెప్పేశాను. వట్టి ఆవు మా అమ్మ చేతుల్లో పెరిగింది, ఆమెతో మాట్లాడాలి. పెయ్యల్లో చిన్నదానికి ఎనిమిదో నెల, దానికి మాగిన గడ్డి పెట్టొచ్చా?

పశువైద్యురాలు:
పెట్టొచ్చు. కానీ సగానికి మించకుండా మొదలుపెట్టి, కాస్త నూనె తీసిన చెక్క, తవుడు కూడా ఇవ్వండి. చెక్కకు బూజు వాసనుంటే వాడొద్దు. అమ్మే ముందు వట్టి ఆవును ఒకసారి ఆసుపత్రిలో చూపించండి, కొన్నిసార్లు చూడి అని తెలుస్తుంది.