ప్రాక్సీని తెలుగులో 'ఆనవాలు' అందామా?

మన గుంపులో నిన్నటి ప్రశ్నకి కామెంట్లో రాయబోతే పెద్దదైపోయింది, అందుకే విడిగా పెడుతున్నాను. పాత కాలపు వాతావరణం గురించి రాసేటప్పుడు ప్రాక్సీ అనే మాటని, అంటే నేరుగా కొలవలేనిదాన్ని తెలుసుకోవడానికి దాని బదులు కొలిచేదాన్ని, తెలుగులో ఏమనాలి అన్నది కదా ప్రశ్న. సూచిక, ప్రతినిధి, ప్రత్యామ్నాయం, పరోక్ష సాక్ష్యం, జాడ అని అయిదు జవాబులు వచ్చాయి. నాకైతే 'ఆనవాలు' అన్నిటికన్నా బాగా అతుకుతుందనిపిస్తోంది. కారణం చెప్పాలంటే ముందు ఆ పని ఎలా జరుగుతుందో కొంత చెప్పాలి, ఓపిగ్గా చదవండి.

సముద్రం వేడిని ఓడల మీంచి వరసగా కొలిచి రాసిపెట్టడం 19వ శతాబ్దంలో గానీ మొదలవలేదు. 20 వేల ఏళ్ల కిందట, 2 లక్షల ఏళ్ల కిందట నీళ్లు ఎంత వెచ్చగా ఉండేవో తెలియాలంటే అడుగున పేరుకున్న మట్టే దిక్కు. ఓడ మీంచి గొట్టం దించి ఆ మట్టిని పొరలు చెదరకుండా నిలువుగా పైకి తీస్తారు. దాన్నే కోర్ అంటారు. నడిసముద్రంలో వెయ్యేళ్లకి చేరే మట్టి కొన్ని సెంటీమీటర్లే, కాబట్టి పది మీటర్ల కోర్ తీస్తే అందులో లక్షల ఏళ్లు ఉంటాయి.

ఆ మట్టిని కొంచెం తీసుకుని 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నాలున్న జల్లెడలో వేసి నీళ్లతో కడుగుతారు. బంకంతా కిందికి పోయి జల్లెడలో సన్నటి ఇసుకలాంటిది మిగులుతుంది. ఆరబెట్టి మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే అందులో చాలావరకు ఇసుక కాదు, గుల్లలు! ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులు కట్టుకున్నవి. తడిపిన సన్న కుంచె మొనతో ఒక్కొక్క గుల్లనీ ఏరాలి, అదీ ఒకే జాతివి, ఇంచుమించు ఒకే సైజువి. వెచ్చటి సముద్రాల కోర్లలో తరచు ఏరేది గ్లోబిజెరినాయిడిస్ రూబర్ అనే జాతిని, పైచుట్టులో మూడు ఉబ్బెత్తు గదులుంటాయి. రూబర్ అంటే లాటిన్‌లో ఎరుపు. ఇందులో లేత గులాబీ రంగు రకం అట్లాంటిక్‌లో ఇప్పటికీ బతికే ఉంది గానీ హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో సుమారు 1,20,000 ఏళ్ల కిందటే అంతరించిపోయింది, ఇక్కడ తెల్లదే మిగిలింది. అందుకని మన వైపు కోర్‌లో పైనుంచి కిందికి చూసుకుంటూ పోతూ ఉంటే, గులాబీ గుల్లలు మొదలైన చోట లక్షా ఇరవై వేల ఏళ్లు వెనక్కి వచ్చేశామని కంటితోనే తెలిసిపోతుంది. దీన్ని ఆనవాలు అనకుండా ఇంకేమంటాం చెప్పండి.

ఇక వేడి సంగతి. గుల్ల కాల్షియం కార్బొనేట్‌తో తయారవుతుంది, అందులో ఆక్సిజన్ ఉంటుంది. ఆక్సిజన్‌లో తేలిక రకం 16, బరువు రకం 18. నీళ్లు చల్లగా ఉంటే గుల్లలోకి 18 కాస్త ఎక్కువగా చేరుతుంది. దీన్నిబట్టి పాత వేడిని లెక్క కట్టొచ్చని 1947లో రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ దారి చూపిస్తే, భూశాస్త్రవేత్త చెసారే ఎమిలియానీ కోర్లలోని గుల్లల్ని వరసగా కొలిచి 1955లో మంచుయుగాల ఎత్తుపల్లాలన్నీ ఒక గీతగా గీసి చూపించాడు. చాలా గొప్ప పని అది. కానీ ఆ గీతలో ఉన్నది వేడి ఒక్కటే కాదు. తేలిక ఆక్సిజన్ ఉన్న నీరు సులువుగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి ఉత్తర అమెరికా, యూరప్‌ల మీద మంచుగా పడి కరగకుండా ఉండిపోతే, సముద్రంలో మిగిలిన నీళ్లలో 18 వాటా పెరుగుతుంది. సముద్రం చల్లబడినా, నేల మీద మంచు పెరిగినా గుల్లలో కనబడేది ఒకేలా ఉంటుందన్నమాట. ఎమిలియానీ ఎక్కువ భాగాన్ని వేడి ఖాతాలో వేశాడు. 1967లో నికొలస్ షాకెల్టన్ అనే మరో శాస్త్రవేత్త సముద్రం అడుగున బతికే జాతుల గుల్లల్ని పట్టుకున్నాడు. లోతు నీళ్లు ఇప్పటికే గడ్డకట్టే చలికి దగ్గర్లో ఉన్నాయి, ఇంతకన్నా పెద్దగా చల్లబడే వీల్లేదు. అయినా పైన తేలే జాతుల్లో ఎంత తేడా కనబడిందో వీటిలోనూ దాదాపు అంతే ఉంది. అంటే ఆ తేడాలో పెద్ద వాటా మంచుదే.

'సూచిక' నాకు నచ్చనిది ఇందుకే. ధరల సూచిక, మానవాభివృద్ధి సూచిక అని రోజూ పేపర్లో చదువుతాం; ఆ మాట వినగానే ఒక అంకె, అది చూపించే ఒక సంగతి మనసులోకి వస్తాయి. గుల్ల అలా కాదు, ఒకే అంకెలో రెండు మూడు సంగతులు కలిసిపోయి ఉంటాయి. 'ప్రతినిధి' అంటే ఎవరో పంపితే వచ్చినవాడు. 'ప్రత్యామ్నాయం' అంటే అసలుది ఉండగా ఎంచుకునేది, ఇక్కడ అసలుది లేనే లేదు.

ఆనవాలు అంటే మన వాళ్లకి వెంటనే తట్టేది రాముడి ఉంగరం. ఆ ఘట్టంలో ఒక సంగతి గమనించండి: సీత హనుమని చూసి రావణుడి మాయేమోనని శంకించింది, రాముడి రూపురేఖలు చెప్పమంది, అవి విన్న తర్వాతే ఉంగరం చేతికి అందింది. చూసేవాళ్లకి గుర్తుపట్టే తెలివి ఉండాలి, ఒకటి చాలకపోతే ఇంకొకటి అడగాలి, ఇదంతా ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉంది. శాస్త్రవేత్తలు చేసేదీ సరిగ్గా అదే. ఆక్సిజన్ ఒక్కటే చాలదు గనక అదే గుల్లలో మెగ్నీషియం కూడా కొలుస్తారు, నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కితే కాల్షియంతో పోలిస్తే దాని వాటా సుమారు 9 శాతం పెరుగుతుంది. అడుగున గుల్ల కొంత కరిగితే ఆ లెక్క కూడా తప్పుతుంది, అప్పుడు ఆల్కినోన్లు అనే కొవ్వులాంటి పదార్థాల్ని చూస్తారు. వాటిని తయారుచేసే నాచు పేరు ఎమిలియానియా హక్స్లీ, అందులో మొదటి సగం ఈ ఎమిలియానీ పేరే.

'పరోక్ష సాక్ష్యం' అన్న మాస్టారికి: మీ మాట తప్పని నేననను, అర్థం దగ్గరగానే ఉంది. కానీ సాక్ష్యం అనేసరికి కోర్టు బరువు వచ్చేస్తుందండీ, చెప్పింది తేల్చి చెప్పినట్టు ఉంటుంది. పైగా ప్రతి పేజీలో ఆరేడుసార్లు రాయాల్సిన మాట, పొట్టిగా ఉండాలి. ఆనవాలు పట్టడం, ఆనవాళ్లు దొరకడం, ఆనవాలు చెరిగిపోవడం అని క్రియలు కూడా దానికి సిద్ధంగా ఉన్నాయి. 'జాడ' అన్నవాళ్లకీ అదే చెప్తాను, జాడ తెలియలేదు అంటే మనిషి ఎక్కడున్నాడో తెలియలేదనే అర్థం ముందు వస్తుంది.

ఆ ప్రశ్న కిందే కొందరు మన దగ్గర ఉదాహరణ కావాలన్నారు కాబట్టి ఇది చెప్పాలి. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ గ్యాస్ హైడ్రేట్ల (సముద్రం అడుగున మంచుగడ్డలా బిగుసుకుపోయిన సహజవాయువు) కోసం కృష్ణా గోదావరి బేసిన్‌లో తవ్వింది. గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, వెయ్యి మీటర్లకు పైగా లోతున తీసిన ఒక కోర్‌లో ఆకుల మీది మైనం దొరికింది, నది మోసుకొచ్చిన దక్కన్ మట్టితో పాటు. చెట్ల ఆకుల మైనంలో, జొన్నలాంటి గడ్డిజాతుల మైనంలో కార్బన్ తేలిక, బరువు రకాలు వేర్వేరు పాళ్లలో ఉంటాయి. దాన్ని కొలిచి 2012లో అచ్చేసిన వ్యాసం ప్రకారం సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా గోదావరి పరివాహకంలో ఎండకి తట్టుకునే అలాంటి గడ్డిజాతుల మొక్కలు క్రమంగా పెరిగాయి, అంటే నేల పొడిబారుతూ వచ్చింది. ఇంకో సంగతి, బంగాళాఖాతంలో గుల్లల ఆక్సిజన్ వేడికి, మంచుకి తోడు నదులు తెచ్చే మంచినీళ్లకి కూడా మారుతుంది. రుతుపవనాల ఆనవాలు అందులో దొరికేది అందుకే.

కాబట్టి రాసేటప్పుడు నేను ఇలా రాస్తాను: వేడి ఆనవాలు, మంచు ఆనవాలు, వాన ఆనవాలు; ప్రాక్సీ డేటాకి ఆనవాళ్ల లెక్కలు. మొదటిసారి వచ్చిన చోట ప్రాక్సీ అని కూడా పక్కన రాస్తే చదివేవాళ్లకి ఇబ్బంది ఉండదు.

సెడిమెంట్‌ని, అంటే నీటి అడుగున ఇలా పేరుకునే మట్టిని, తెలుగులో ఏమనాలని అడిగినవాళ్లకి మాత్రం నా దగ్గర తృప్తిగా చెప్పగలిగే మాట లేదు. అవక్షేపం పాఠ్యపుస్తకంలో ఉంది గానీ ఎవరి నోటా రాదు, ఒండ్రు, మేట నదికి సరిపోతాయి, పూడిక చెరువుకి. సముద్రంలో చేపల వేటకి వెళ్లేవాళ్లకి వల అడుగు తగిలితే పైకి వచ్చే మట్టికి తప్పకుండా ఏదో పేరు ఉండి ఉంటుంది. ఉప్పాడ, భీమిలి, నిజాంపట్నం వైపు వాళ్లు గుంపులో ఉంటే ఇంట్లో పెద్దవాళ్లని అడిగి కింద రాయండి, బంకమట్టికి ఒకటీ ఇసుక అడుగుకి ఒకటీ ఉంటే రెండూ రాయండి.