పిల్లల కథలు రాయడం మొదలుపెట్టాం: మాస్టారికి చూపించాలా, మాలో మేమే చదువుకోవాలా?

పర్లాకిమిడి పాఠకురాలు:
ఒడిశాలోని పర్లాకిమిడిలో నలుగురం కలిసి పిల్లల కథలు రాస్తున్నాం. అందరం కొత్తవాళ్లమే. వాట్సాప్ గ్రూపులో కథ పెడితే "సూపరండీ" అని రెండు దండాలు, అంతకుమించి ఏమీ రాదు. రిటైరైన తెలుగు మాస్టారొకరు చూసిపెడతానన్నారు. కథలు ఆయన చేతికే ఇచ్చేయాలా? ఇక్కడి పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో ఒడియా చదువుతారు. వాళ్ల కోసమే రాయాలని మా పట్టుదల. పద్ధతి తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

వంశధార:
రెండూ కావాలండి, కానీ ఎవరి పని వాళ్లదే. కథలో ఎక్కడ తట్టుకున్నారో తోటివాళ్లు చెప్పాలి. ఎందుకు తట్టుకున్నారో మాస్టారు తేల్చాలి. అందరూ అన్నీ చెబితే నలుగురూ నాలుగు వైపులా దిద్దేస్తారు, కథ రాసినవాళ్ల చెయ్యి జారిపోతుంది.

నలుగురైదుగురు చాలు. పదిహేను రోజులకోసారి గంటన్నర కూర్చుని రెండే కథలు చూడండి. కథ మూడు రోజుల ముందే అందరికీ అందాలి. రాసినవాళ్లు మాత్రం చదవకూడదు, ఇంకొకరు పైకి చదవాలి. రాసినవాళ్లే చదివితే కాగితం మీద లేని భావం కూడా గొంతులో పలుకుతుంది. వేరొకరు చదువుతూ నాలుక మడతపడ్డ చోటల్లా మార్జిన్‌లో గీత పెట్టండి. తర్వాత పావుగంట రాసినవాళ్లు నోరు విప్పకూడదు. "నా ఉద్దేశం అది కాదండీ" అని మొదలుపెట్టారా, ఆ రోజు సమావేశం వృథా.

విన్నవాళ్లు ముందు ఒకే ఒక్క సంగతి చెప్పాలి: ఈ కథ ఎవరిది, వాళ్లకి ఏం కావాలి? ముగ్గురు మూడు జవాబులు చెబితే కథకి ఇంకా వెన్ను నిలబడలేదన్నమాట. అప్పుడు వాక్యాలు దిద్ది లాభం లేదు.

ఉదాహరణకి ఇలాంటి కథ వచ్చిందనుకోండి. మహేంద్రతనయ నది ఒడ్డున చిన్ని అనే పాప చెప్పు ఒకటి నీళ్లలో పడిపోయింది. తాతయ్య వెతికి తెచ్చి "వస్తువులు జాగ్రత్తగా చూసుకోవాలమ్మా" అన్నాడు. విన్నవాళ్లు "చివర్లో చప్పబడింది" అంటారు. అంతవరకే వాళ్ల పని. "ఇందులో చిన్ని ఏం చేసింది?" అని మాస్టారు అడగాలి. ఏమీ చెయ్యలేదు, అంతా తాతయ్యే చేశాడు. ఆ ప్రశ్న పట్టుకుని రాసినామె మళ్లీ కూర్చుంటే, చిన్ని రెండో చెప్పు కూడా నీళ్లలోకి వదిలి, అది ఎటు పోతే అటు ఒడ్డు వెంట పరుగెత్తవచ్చు. తాతయ్య నీతి దానంతటదే రాలిపోతుంది.

మాస్టారి దగ్గర ఒక మాట ముందే తీసుకోండి. సంభాషణల్లో "ఎల్లిపోనాడు" అని ఉంటే "వెళ్లిపోయాడు" అని దిద్దకూడదు. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మీ ఊళ్లోనే.

అట్టబొమ్మ:
పై పద్ధతికి నిడివి లెక్క కలపండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో మొదటి స్థాయి కథ 250 మాటల లోపు, రెండోది 600 లోపు, మూడోది 1500 లోపు. నాలుగేళ్ల పిల్లల కోసమని 1200 మాటలు తెస్తే ఎంత మంచి సలహా ఇచ్చినా అతకదు. కాబట్టి ఏ వయసుకి రాశారో కాగితం పైనే ఉండాలి.

బొమ్మల పుస్తకమైతే ఎనిమిది ఏ4 కాగితాలు మధ్యకి మడిచి ఒకదాంట్లో ఒకటి పెట్టండి, 32 పేజీలొస్తాయి. మొదటి పేజీలు పేరుకీ వివరాలకీ వదిలి, కథని ముక్కలు చేసి అంటించండి. వరసగా రెండు చోట్ల ఒకే బొమ్మ తప్ప ఇంకేదీ తట్టకపోతే అక్కడ కథ కదలడం లేదు. "ఎర్ర గౌను వేసుకున్న" లాంటివి కొట్టెయ్యండి, అది బొమ్మలో కనిపిస్తుంది.

రాయగడ బడి:
మీ గుంపులో అందరూ పెద్దవాళ్లే, అది మర్చిపోకండి. మీ పిల్లల పరిస్థితికి రెండు పరీక్షలు వేరువేరుగా పెట్టాలి. తెలుగు చెవికి బాగా తెలిసినా కళ్లకి ఒత్తులు అలవాటుండవు. చదవలేకపోతే కథ బాగాలేదని కాదు. ముందు వినిపించండి. ఒక వయసువాళ్లు ఐదారుగురు చాలు, సొంత పిల్లలు వద్దు. "బాగుందా?" అని అడక్కండి, పెద్దవాళ్లడిగితే బాగుందనే అంటారు. సగంలో ఆపి "ఇప్పుడేమవుద్ది?" అనండి. మర్నాడు వాళ్లనే కథ చెప్పమనండి. చాలామంది వదిలేసిన భాగం రాతలోనూ అక్కర్లేదేమో చూడండి. చదివించే పరీక్ష తర్వాత పెట్టుకోండి, ఒత్తులు తక్కువున్న పొట్టి వాక్యాలతో.

పర్లాకిమిడి పాఠకురాలు:
చాలా ఉపయోగపడిందండి. ఒకవేళ మాస్టారే తిరగరాసి ఇస్తే? పెద్దాయన, కాదనలేం.

వంశధార:
కాదనక్కర్లేదు, గౌరవంగా తీసుకోండి. కాకపోతే దాన్ని సాపు చెయ్యకండి. పక్కన పెట్టి, రెండు రోజులాగి, పాతదీ ఆయనదీ చూడకుండా కథ మొదట్నుంచీ రాయండి. ఆయన మార్పుల్లో మీకు నిజంగా ఒంటబట్టినవి వాటంతటవే వస్తాయి. ఇకమీదట పెన్సిల్‌తో మార్జిన్‌లో ప్రశ్నలు మాత్రమే రాయమని అడగండి. పేజీకి రెండు ప్రశ్నలు చాలు. తిరగరాసిన ఒక్కో ప్రతి మీదా తేదీ వెయ్యండి, పాతవి చింపకండి. మూడో ప్రతికి కూడా అదే ప్రశ్న వస్తుంటే అప్పుడు ఆ కథ ఆపి, ఇంకోటి మొదలుపెట్టండి.