రిజిస్టర్‌లో సంవత్సరం 133 అని ఉంది, ఫారం తీసుకోవడం లేదు

హన్మకొండ చౌరస్తా: పొద్దుటి నుంచి ఒక్క పేజీ మీదే ఉన్నాను, తల పగిలిపోతోంది. మన దిక్కు పాత రిజిస్టర్ల స్కాన్లు చూసి పేర్లు, ఊర్లు, తేదీలు ఎక్కించే పనికి వాలంటీర్‌గా చేరాను. సంవత్సరం గడిలో 133 అని ఉంది. అదే కొడితే నాలుగంకెలు ఉండాలని ఎర్రగా చూపిస్తోంది. ఖాళీ వదిలితే పేజీ ముందుకు పోవడం లేదు. కింది వరుసల్లో 1331 ఉంది, దాన్ని మాత్రం తీసుకుంటోంది. చేసిందంతా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎవరైనా తొందరగా చెప్పండి.

నర్సంపేట రోడ్డు: ఏం రిజిస్టర్? ఏ లిపి?

గోదావరి ఒడ్డు: తమ్మీ, ఈ సర్కారు కాగితాల కన్నా ముందు పండాల బహీలు, అంటే తీర్థాల్లో పురోహితులు రాసిపెట్టే వంశాల పుస్తకాలు చూడాలె. మన తాతలు కాశీకో గయకో పోయి పిండాలు పెట్టి వచ్చారంటే, అక్కడి పండా దగ్గర ఊరు, తండ్రి, తాత పేర్లు రాయించే ఉంటారు. హరిద్వార్ బహీలనైతే యూటా జీనియలాజికల్ సొసైటీ వాళ్లు మైక్రోఫిల్మ్ కూడా తీశారు. సర్కారుకు శిస్తు కట్టినవాడి పేరే కావాలి. పండాకు ఇంట్లో ఎవరెవరున్నారో కావాలి. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు బతికి ఉండగానే ఏ పండా దగ్గరికి పోయారో అడిగి రాసిపెట్టుకోండి.

నర్సంపేట రోడ్డు: అడిగింది అది కాదు.

హన్మకొండ చౌరస్తా: లిపి ఉర్దూనే. నిజాం కాలం రిజిస్టర్ అంటే ఉర్దూలోనే ఉంటుంది కదా అని రాయలేదు. పేర్లు మా మామయ్య చదివి చెప్తున్నారు, అంకెలు నేను పట్టిక పక్కన పెట్టుకొని చూస్తున్నాను. ఇంకొక సందేహం. నాకన్నా ముందు ఈ పుస్తకం చేసినవాళ్లు చాలామందికి ఇంటిపేరు గడిలో వల్ద్ అని వేశారు. ఇంతమందిది ఒకే వంశమా?

పరకాల పాత బడి: అమ్మా, రెండింటికీ జవాబు ఉంది. ఉర్దూలో సున్న అంటే ఉత్త చుక్క. మీ 133 పక్కన చుక్క ఉండే ఉంటుంది, సిరా వెలిసిపోయో స్కాన్‌లో కలిసిపోయో కనిపించడం లేదు. కింద 1331 ఉందంటున్నారు కాబట్టి ఇది 1330 అయి ఉండాలి. అయినా ఊహించి కొట్టకండి. పేజీని పెద్దది చేసి, వెలుగు తగ్గించి చూడండి. పై వరుసలు, వెనక పేజీ కూడా చూడండి. గుండ్రంగా కనిపించేది అయిదు, దాన్ని సున్న అనుకోవద్దు. రెండు అంకెకు పైన దువ్వెన పన్నులాంటి వంపు ఒకటి, మూడుకు రెండు. తొందర రాతలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. అక్షరాలు కుడి నుంచి చదివినా అంకెలు మాత్రం ఎడమ నుంచే.

ఇక వల్ద్ ఇంటిపేరు కాదు. రాజయ్య వల్ద్ మల్లయ్య అంటే మల్లయ్య కొడుకు రాజయ్య. ఆడవాళ్ల పేర్ల దగ్గర జౌజె అని వస్తుంది, ఫలానావారి భార్య అని. సాకిన్ అంటే నివాసి, మౌజా అంటే ఊరు. వల్ద్‌ను ఇంటిపేరుగా ఎక్కిస్తే రేపు ఒక మనవడు వచ్చి వెతికితే తాత దొరకడు, ముత్తాతా దొరకడు. ఇది తప్పకుండా సరిచేయించండి.

కాకతీయ కాలనీ: అంటే 1330 ఫసలీ, రెవెన్యూ లెక్కల సంవత్సరం. ఫసలీ జులై 1న మొదలవుతుంది కాబట్టి 1920 జులై నుంచి 1921 జూన్. ఇంగ్లీషు సంవత్సరం వేసేయండి, అందరికీ పనికొస్తుంది.

పరకాల పాత బడి: జులై లెక్క మద్రాసు వైపుది సార్. నిజాం రాజ్యంలో ఏడాది ఆజుర్ నెలతో మొదలు, అది అక్టోబర్‌లో వస్తుంది.

కాకతీయ కాలనీ: మా నాన్నగారు రెవెన్యూలో చేశారు. ఫసలీ అంటే జులైయే.

పరకాల పాత బడి: ఎక్కడ చేశారో దాన్ని బట్టి సార్. మనకు తెలిసిన తేదీతోనే సరిచూడండి. 1948 సెప్టెంబర్ 17 హైదరాబాద్ లెక్కలో 1357 ఫసలీ, ఏడాది చివరి నెల ఆబాన్. జులైలో ఏడాది మారి ఉంటే ఆ రోజు 1358 కావాలి. మన రికార్డులకు ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే ఆజుర్, దై నెలలైతే 590 కలపాలి, ఇస్ఫందార్ నుంచి 591. నడుమ వచ్చే బహ్మన్ దాదాపు డిసెంబరే, కాబట్టి దానికీ ఎక్కువగా 590.

నర్సంపేట రోడ్డు: అసలు ఫసలీ అని ఎక్కడ రాసి ఉంది? హిజ్రీ కావొచ్చు.

పరకాల పాత బడి: మంచి మాట. హిజ్రీ 1330 అయితే 1911 డిసెంబర్ నుంచి 1912 డిసెంబర్ దాకా. రెంటికీ తొమ్మిదేళ్ల తేడా, అంటే ఒక పిల్లవాడి వయసంత. నెల పేరు చూస్తే తేలిపోతుంది. తీర్, అమర్దాద్, మెహర్ వంటివి కనిపిస్తే ఫసలీ. ముహర్రం, సఫర్, రజబ్ కనిపిస్తే హిజ్రీ. అమ్మా, నెల గడిలో ఏముంది?

కాకతీయ కాలనీ: ఏదైనా గానీ ఇంగ్లీషు తేదీ లేకపోతే సామాన్యుడికి ఏం ఉపయోగం?

నర్సంపేట రోడ్డు: పేజీలో ఉన్నదే ఎక్కించాలి. మార్చడం మన పని కాదు.

పరకాల పాత బడి: నేనూ అదే అంటాను. ఇవాళ ఒకరు జులై లెక్కతో, రేపు ఇంకొకరు అక్టోబర్ లెక్కతో మార్చి వేస్తే అసలు ఏముండేదో ఎవరికీ తెలియదు. ఊరి పేర్లకూ ఇదే వర్తిస్తుంది. పాత పుస్తకంలో ఎలగందుల జిల్లా అని ఉంటే కరీంనగర్ అని దిద్దవద్దు. జిల్లా కేంద్రం కరీంనగర్‌కు వచ్చింది 1905లో. ఎలగందుల అన్న మాటే ఆ పుస్తకం ఏ కాలానిదో చెప్పే సాక్ష్యం.

గోదావరి ఒడ్డు: 2027లో గోదావరి పుష్కరాలు. ధర్మపురికో కాళేశ్వరానికో పోయేవాళ్లు పురోహితుల దగ్గర కూడా అడిగి చూడండి.

హన్మకొండ చౌరస్తా: నెల ఖుర్దాద్ అంటున్నారు మామయ్య, అంటే ఫసలీయే. పెద్దది చేస్తే చుక్క సన్నగా కనిపించింది. 1330 తీసుకుంది. థాంక్స్ సార్. వల్ద్ గురించి కోఆర్డినేటర్‌కు రాశాను. ఆఖరి గడిలో అంకెలూ కాక అక్షరాలూ కాక తీగలు తీగలుగా ఏదో రాత ఉంది, మామయ్యకూ అర్థం కావడం లేదు. అదేంటి?

నర్సంపేట రోడ్డు: ఫొటో పెట్టండి.

పరకాల పాత బడి: పైసల లెక్క గడి అయితే రఖం రాత, అంటే పాత లెక్కల్లో మొత్తాలను గుర్తులతో రాసే పద్ధతి కావచ్చు. అది పట్టికతో వచ్చేది కాదమ్మా, పాత లెక్కలు చదివిన పెద్దమనిషి కావాలి. గడి పైన శీర్షిక ఏముంది?