శ్రీశైలం కాలిబాటలో అడవి పళ్ళు: ఏవి తినవచ్చు?

ప్రశ్న (గుంటూరు నుంచి)

నమస్కారమండీ. వచ్చే మహాశివరాత్రికి మా మేనల్లుడిని వెంటబెట్టుకుని నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచి వెళ్ళాలని సంకల్పించాను. చిన్నతనంలో కొండవీడు కొండ ఎక్కినప్పుడల్లా, చొక్కా చేతులు ముళ్ళకు చిరుగుతున్నా లెక్కచేయక, మిరియం కంటే కాస్త పెద్దగా నల్లగా నిగనిగలాడే పరికి పళ్ళు కోసుకుని తినేవాళ్ళం. నల్లమలలో ఆ రోజుల్లో ఏవేవి దొరుకుతాయి, వాటిని ఎలా గుర్తుపట్టాలి? పిట్ట కొరికిన పండు మనిషీ తినవచ్చని మా పెద్దలు అనేవారు. అది నమ్మదగిన మాటేనా?

సమాధానం (విజయవాడ నుంచి)

ఆ మాటను దయచేసి నమ్మవద్దండీ. ముష్టి పండు గుజ్జును పక్షులు తింటాయి, కానీ దాని గింజలలో ఉండే స్ట్రిక్నిన్ అనే విషం మనిషి కండరాలను బిగదీసి, ఊపిరి ఆడనీయకుండా చేసి ప్రాణం తీస్తుంది. చూడడానికి చిన్న నారింజలా ముచ్చటగా ఉంటుంది కనుక, ఆకలితో నడిచేవారు పొరబడే అవకాశం ఎక్కువ. పగిలిన కాయలో బొత్తాముల్లాంటి చదునైన గింజలు కనిపిస్తే ముట్టుకోకుండా వదిలేయండి.

పండును బట్టి కాక, ఆకును, ముల్లును బట్టి గుర్తుపట్టడం నేర్చుకోండి. రేగు ఆకుకు మొదలు నుంచే మూడు ఈనెలు బయలుదేరుతాయి, అడుగున తెల్లని నూగు ఉంటుంది. శివరాత్రి నాటికి రేగు, పరికి చివరికి వచ్చేస్తాయి. తునికి, మొర్రి పళ్ళు ఎండాకాలానివి కనుక వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. ఉసిరి చెట్టుకు కాయలు మిగిలి ఉంటే మాత్రం మీ అదృష్టమే: ఒక కాయ నమిలి నీళ్ళు తాగితే ఆ నీళ్ళే తియ్యగా ఉంటాయి, ఎక్కుడులో ఎండిపోయిన నోటికి అంతకన్నా హాయి నేను ఎరుగను.

సమాధానం (గుంటూరు నుంచి)

మీ మేనల్లుడు చిన్నవాడైతే నా అనుభవం చెప్పాలి. పదేళ్ళ వయసులో కొండపల్లి అడవిలో, వేరుశనగ పప్పులా కమ్మగా ఉన్నాయని అడవి ఆముదం గింజలు నాలుగు తిన్నాను. సాయంత్రానికి వాంతులు, విరేచనాలతో కళ్ళు తేలవేశాను, రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. రుచిగా ఉన్నంత మాత్రాన మంచిదని అనుకోకూడదని అప్పుడే తెలిసింది. గురివింద గింజలను కూడా పిల్లల నోటికి అందనీయకండి. ఒకవేళ ఎవరైనా తెలియనిది తింటే, బలవంతంగా వాంతి చేయించకుండా 108కి ఫోన్ చేయండి. అడవిలో సిగ్నల్ అందకపోతే దగ్గరి అటవీ సిబ్బంది సాయం కోరండి. తిన్నదానిలో మిగిలిన ముక్కను, ఆకుతో సహా, వైద్యునికి చూపించండి.

సమాధానం (విజయవాడ నుంచి)

ఇంకొక సంగతి. ఆ దారి పులుల అభయారణ్యం గుండా పోతుంది; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడి అటవీ ఉత్పత్తులను అనుమతి లేకుండా తీసుకుపోకూడదు. కాబట్టి సంచులకు నింపుకునే ఆలోచన వద్దు, రుచి చూడాలనుకున్నా ముందుగా అటవీ సిబ్బందిని అడగండి. పైగా రేగు పళ్ళంటే ఎలుగుబంట్లకు ప్రీతి. తెల్లవారుజామునా, మునిమాపు వేళా పళ్ళు రాలిన పొదల దగ్గర ఆగకండి. పెచ్చెరువులోని చెంచు పెద్దలను పలకరించి, ఫలానా పండు తినేదేనా అని అడగండి. వారు వద్దన్నది తాకవద్దు. దారి ఆకలికి వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు ఇంటి నుంచే కట్టుకుని వెళ్ళండి.